పదకొండు మంది

7 మే 2018, సోమవారం

ఎండ. గాలి బాగానే వీచింది. ఐదింటికే ఉప్పు మడుల్లోకి దిగాం. మావయ్య చెక్కపలకతో ఉప్పు లాగి గట్టు పక్కకి చేర్చారు. అత్తయ్యా నేనూ గంపలతో మోసి రాశి పోశాం. నాలుగు మడులు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. కాళ్ళ పగుళ్ళలోకి ఉప్పు దిగి ఒకటే మంట. కొబ్బరినూనె రాసుకున్నాను.

ఆయన నిన్న మధ్యాహ్నం వచ్చారు. జూన్ నాలుగు వరకూ సెలవు.

ఈ డైరీ జనవరిలో చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఇచ్చారు, ఆదివారం వాక్యం రాసుకోవడానికి. మూడు వారాలు రాసి మానేశాను. ఈరోజు మళ్ళీ తీశాను. ఈ మాట అత్తయ్యతో అనలేను. బొబ్బిలిలో మా అమ్మతోనూ అనలేను.

పెళ్ళయి మూడేళ్ళు. ఆయన నక్సలైట్ల మీదికి వెళ్ళే ఫోర్సులో చేరిన ఏడే పెళ్ళి. సెలవులన్నీ కలిపితే ఆయనతో ఉన్నది ఐదు నెలలు కూడా కాదు. మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు భోజనం దగ్గర మావయ్య అడిగారు.

"ఒరే బెన్హరూ, ఇప్పటిదాకా ఎంతమందిని లేపీసినావురా?"

ఆయన అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా, "పదకొండు" అన్నారు.

ఆ మాట మావయ్య నౌపడ అంతా చెప్పుకొచ్చారు. ఆ రాత్రి నుంచీ నాకు ఆయన చేతులు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ముంజేతుల మీద చిన్న చిన్న తెల్లమచ్చలు ఉన్నాయి. బాంబు రవ్వలు పడ్డాయన్నారు.

ఇంట్లో ఉక్కగా ఉంది. అరుగు మీద అత్తయ్య పక్కన పడుకుంటాను.

9 మే

ఎండ. మూడు మడులు.

మధ్యాహ్నం ఒంటిగంటకి మావయ్య టీవీ పెట్టారు. తలుపులు మూసి, ఫ్యాను వేసి, నాలుగింటి దాకా తుపాకుల సినిమా. ఏ భాషదో తెలుగులోకి మార్చింది. ఆయన లేనప్పుడు మావయ్య ఒక్కరే చూస్తారు. ఇప్పుడు పక్కన ఆయన్ని కూర్చోబెట్టుకుని చూస్తున్నారు.

"అలగ గోడ సాటుకెళ్ళి కాల్చొచ్చా?"

"కాల్చొచ్చు నాన్నా."

"నువ్వూ అలగే కాలస్తావా?"

"ఒక్కోసారి."

మావయ్య తొడ మీద చరుచుకున్నారు. అత్తయ్య చేపలు కడుగుతూ లోపలినుంచి కేకేసింది. "ఆ పేలుడు తగ్గించండి, సెవులు పోతన్నాయి. ఆ పక్కింటోళ్ళు యుద్దమొచ్చిందనుకుంతారు."

"నీకు తెలీదే," అన్నారు మావయ్య. "పొద్దుట్నించీ ఒంగొని ఒంగొని నడుము పోతాది. అక్కడ ఒకడు నిటారుగా నించొని కాలస్తాడు. గుండు తగిల్తే అవతలోడు పడతాడు. ఎందుకు పడ్డాడో తెలుస్తాది. మన మడిలో ఏది ఎందుకు పోతాదో ఎవుడికి తెలుసు?"

మావయ్య ఇరవై ఏళ్ళప్పుడు మిలట్రీ సెలక్షన్‌కి శ్రీకాకుళం వెళ్ళారట. పరుగులో ఆఖరివాడిగా వచ్చారట. ఈ కథ మావయ్యే నవ్వుతూ చెప్తారు. మిలట్రీ అన్నా, ఫోర్సు అన్నా మావయ్యకి ఒకటే.

10 మే

ఉక్క. అరుగు మీదే పడుకున్నాను.

12 మే

ఎండ. ఆగ్నేయం వైపు మబ్బు పట్టి విడిపోయింది.

ఇరవై ఏడో తేదీ ఆదివారం మా వాకిట్లో కృతజ్ఞత కూడిక. మావయ్య పాస్టరు గారికి చెప్పి వచ్చారు. మార్చిలో ఆయన ఫోన్ చేసి చెవి పక్కనుంచి గుండు పోయిందని చెప్పారు. అత్తయ్య ఆ రోజే ప్రభువుకి మాట ఇచ్చింది, కొడుకు క్షేమంగా ఇంటికొస్తే వందమందికి భోజనం పెడతానని. కూడికలో ఆయన నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనని ఎలా కాపాడాడో, ఎవరి మధ్యనుంచి తప్పించాడో.

"పదకొండూ సెప్పాల," అన్నారు మావయ్య. "సిగ్గుపడకు. బైబిల్ల దావీదు సెప్పుకోలేదా?"

ఆయన ఫోన్ చూస్తూ "అలాగే" అన్నారు.

అత్తయ్య మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటోంది. ఆయన కోసమే. పచ్చిమంచినీళ్ళు కూడా సాయంత్రం దాకా ముట్టదు. ఉప్పు మోసే రోజుల్లో కూడా.

కూడిక అయ్యాక నేను బొబ్బిలి వెళ్తాను. నాలుగు రోజులే. అమ్మని చూసి చాలా రోజులైంది.

14 మే

ఎండ. నాలుగు మడులు.

ఆయన టీవీ లేనప్పుడు ఫోన్లో ఆట ఆడతారు. చెవుల్లో తీగలు పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంటారు. వందమంది విమానంలోంచి ఒక దీవి మీద దూకుతారు. ఇళ్ళలోకి దూరి తుపాకులు ఏరుకుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. చివరికి ఒక్కడు మిగలాలి. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని వెనకనుంచి చూస్తారు.

"ఒరే, ఆ గడ్డిల ఒకడున్నాడ్రా! ఆ గడ్డిల!"

"సూశాను నాన్నా, అరవకు."

కొలువులో చేసేదే సెలవులో కూడా ఎందుకు చేస్తున్నారు? మేం సాయంత్రం ఖాళీ దొరికితే ఉప్పు మోస్తామా?

అడగలేదు.

16 మే

మబ్బు. రెండే మడులు.

మధ్యాహ్నం ఆయన నా చేతికి ఫోన్ ఇచ్చారు. "నువ్వొకసారి ఆడు. ఊరకనే. ఏటీ అవదు."

విమానంలోంచి దూకాను. ఒక పెంకుటింట్లో దిగాను. ఏం చేయాలో తెలియక వంటింట్లో తలుపు మూసుకుని కూర్చున్నాను. బయట ఎవరివో అడుగుల చప్పుడు. కాసేపటికి ఆగిపోయింది. దూరంగా కాల్పులు. నేను కదలలేదు. మిగిలినవాళ్ళ లెక్క మూలన పడుతుంది, అరవై, నలభై, ఇరవై రెండు. నేను ఎవరినీ ఏమీ చేయకుండా తొమ్మిదో దాన్నయ్యాను. అప్పుడు ఎవడో కిటికీలోంచి కాల్చాడు.

ఆయన పడి పడి నవ్వారు. "వంటింట్లో కూకొని తొమ్మిదో నంబరు! నానెప్పుడూ అలగ రాలేదు."

ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నా గుండె చాలాసేపు కొట్టుకుంది. గంపతో గట్టెక్కినప్పుడు కూడా అలా కొట్టుకోదు. భయంతోనే అనుకుంటాను.

మళ్ళీ ఆడను.

17 మే

ఆడాను. ఒక్కసారే.

18 మే

ఎండ. నాలుగు మడులు. శుక్రవారం, అత్తయ్య ఉపవాసం.

ఈరోజు ఒకడిని కాల్చాను. వాడు గోడ మీదనుంచి దూకుతున్నాడు, నన్ను చూడలేదు. వేలు నొక్కితే పడిపోయాడు. వాడి వస్తువులన్నీ ఒక పెట్టెలో మిగిలాయి. కట్టుగుడ్డలు, బూట్లు, మందుసీసా. తీసుకున్నాను.

సంతోషం వేసింది. రాయకూడదేమో గాని నిజంగా వేసింది. ఒళ్ళు తేలికైంది. ఇంకొకడు కనబడితే బాగుండుననిపించింది.

ఆయనకీ అక్కడ ఇలాగే ఉంటుందా? పదకొండుసార్లూ?

సాయంత్రం ప్రార్థనలో దాని గురించి క్షమించమని అడగబోయి, బొమ్మని కాల్చినందుకు అడగాలా అని ఆగిపోయాను. అత్తయ్య పక్కనే కళ్ళు మూసుకుని ఆయన పేరు చెప్పి ఏడుస్తోంది. ఉపవాసం వల్ల నోరు ఎండిపోయి పెదాలు తెల్లగా అయిపోయాయి.

ఉక్క. అరుగు.

20 మే, ఆదివారం

చర్చి. ఆరాధన అయ్యాక జీవరత్నం పాస్టరు గారు ఆయన్ని ఆపి మాట్లాడారు. పెద్దాయన, నెమ్మదస్తుడు.

"బాబూ, వచ్చే ఆదివారం పదిహేను నిమిషాలు చాలు. జరిగింది జరిగినట్టు చెప్పు. పిల్లలు ఉంటారు, రక్తం మాటలు తగ్గించు."

ఆయన అలాగేనని తలూపారు. ఇంటికొచ్చాం. భోజనం కూడా సరిగా చేయలేదు. నాలుగైదు ఆటలు వరసగా ఆడారు. అన్నింటిలోనూ దిగీ దిగగానే చచ్చిపోయారు.

నేను ఒకసారి అడిగాను, ఈ సెలవులోనే మొదటిసారి. "నన్ను కూడా అక్కడికి తీసుకెళ్తారా? క్వార్టర్లు ఉంటాయంటారు కదా."

"వద్దు. నీకు పనికిరాదు. కాల్పులుంటాయి."

తీసుకెళ్ళనన్నందుకు నాకు హాయిగా అనిపించింది.

23 మే

ఎండ, ఉక్కపోత. సముద్రం వైపు మెరుపులు.

మావయ్య చర్చినుంచి గుండిగలు, గరిటెలు తెచ్చి పంచలో బోర్లించారు. బియ్యం, కందిపప్పు దింపారు. వంటకి టెక్కలినుంచి మనిషిని మాట్లాడారు.

నేను సంచీ సర్దుకున్నాను. నాలుగు రోజులకే. చీరలు ఆరు. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు కూడా పెట్టాను. ఎందుకైనా మంచిది.

24 మే, గురువారం

పొద్దున్న మబ్బు లేదు. పదింటికి ఒక్కసారిగా గాలి తిరిగింది. ఆగ్నేయం అంతా నల్లగా అయిపోయింది. మావయ్య మమ్మల్ని మళ్ళీ మడుల మీదికి పరుగెత్తించారు. ఆయన కూడా బయల్దేరారు గాని అత్తయ్య వద్దంది. "నెల్రోజులకి వొచ్చినోడివి, తడవకు. ఇల్లు కనిపెట్టుకో."

రాశి పెద్దది, ఇంకా తాటాకు కప్పలేదు. పక్క మడుల కూర్మమ్మ, వాళ్ళ మనుషులు మాకు సాయం వచ్చారు. మాది కప్పాక మేం వాళ్ళదానికి వెళ్ళాం. మడుల్లో ఉన్నదంతా కరిగిపోయింది. రాశులు రెండూ నిలబడ్డాయి. రెండింటికి వాన తగ్గింది. పద్దెనిమిది మందిమి, తల నుంచి కాలి దాకా తడిసిపోయి, మా ఇంటి మీదుగా వస్తున్నాం.

వాకిట్లోకి రాగానే వాసన. కందిపప్పు తాలింపు.

పంచలో చర్చి గుండిగ పొయ్యి మీద ఉంది. ఇంకో గుండిగ దింపి, మూత మీద తడిగుడ్డ వేసి ఉంది. ఆయన చొక్కా విప్పి, తువ్వాలు నడుముకి బిగించి, మనిషంత గరిటెతో పప్పు కలుపుతున్నారు. రెండు చేతులతో, అడుగునుంచి పైకి, ఆగకుండా. తరిగిన ఉల్లిపాయలు ఒక పళ్ళెంలో ఒకే మందంలో ఉన్నాయి. కత్తి తుడిచి పక్కన పెట్టారు.

మమ్మల్ని చూసి గరిటె ఆపారు.

అత్తయ్య మూత తీసింది. గుండిగ నిండా అన్నం.

"ఏట్రా ఇది! నలుగురం ఉన్నాం ఇంట్ల. ఎవులికిరా ఇంత?"

ఆయన గుండిగ వైపు చూశారు, మా వైపు చూశారు. "ఆకలితో వస్తారని..." అన్నారు. తర్వాత మెల్లగా, "తక్కువే వేశాననుకున్నాను" అన్నారు.

"తక్కువే! నలబై మంది తింతార్రా!"

మావయ్య మాత్రం పొంగిపోయారు. "మిలట్రీ అంటే మరేటనుకున్నారు? అన్నీ నేర్పుతారు. అడివిల సిక్కడిపోతే వండుకోవద్దేటి?"

కూర్మమ్మ కొంగు పిండుకుంటూ, "ఒరే బెన్హరూ, ఇలగ వండుతావంటే మీరు కాల్చీవోల్లని కూడా బోజనానికి పిలస్తారేటిరా?" అంది. అందరూ నవ్వారు.

పద్దెనిమిది మందీ తిన్నారు. కూర్మమ్మ మా ఇంట్లో అన్నం తినడం ఇదే మొదలు. తడిసి ఉండబట్టి కావచ్చు, ఏమీ అనకుండా కూర్చుంది. రెండోసారి అడిగి వేయించుకుంది. ఆయన వడ్డించారు. పళ్ళెంలోకి గరిటె వంచగానే మణికట్టుతో ఒక విదిలింపు, ఒక్క మెతుకు కింద పడలేదు. ఎవరికెంత కావాలో ముఖం చూసి వేశారు. వరస చివర ఉన్న ముసలామెకి ఎవరూ చెప్పకుండానే మెత్తటి అన్నం అడుగునుంచి తీశారు.

పప్పు చిందింది ముంజేతి మీద. ఆయన చూడను కూడా చూడలేదు, తువ్వాలుతో తుడుచుకున్నారు. అక్కడ పాతమచ్చలు ఉన్నాయి.

నేను సరిగా తినలేకపోయాను.

25 మే, శుక్రవారం

ఎండ. మడులు నిండా వాననీరు. లాగడానికేమీ లేదు. తాటాకులు సరిచేయడానికి నన్నూ ఆయన్నీ పంపించారు. అక్కడ ఎవరూ లేరు.

నేను ఆకు అందిస్తున్నాను, ఆయన తాడు బిగిస్తున్నారు. అడిగేశాను.

"క్యాంపులో ఎంతమందికి వండుతారు?"

తాడు బిగిస్తూనే ఉన్నారు. ముడి వేశారు. ఇంకో ముడి వేశారు.

"నూట నలబై. పండగయితే రెండొందలు."

గట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉన్నాను.

ఆయన కంగారు పడిపోయారు. "ఓలమ్మ, ఎందుకలా నవ్వుతన్నావు? ఊరుకో. ఎవులైనా సూస్తారు."

"ఎవరినీ చంపలేదా?"

"కోళ్ళని సంపాను. అవి లెక్కెట్టలేదు."

"మరి పదకొండు?"

"నోటికొచ్చింది సెప్పాను. పది అంటే గుండ్రంగా ఉంటాది, ఎవులూ నమ్మరు."

సెలక్షన్‌కి వెళ్తే ఇచ్చిందే వంట పోస్టట. ఇంటికి ఫోన్ చేసి "సెలెక్టయ్యాను" అన్నాడట. మిగతా సగం చెప్పేలోపే మావయ్య ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయారట. ట్రైనింగులో తుపాకీ పట్టాడు, అట్టబొమ్మలకి కొట్టాడు. ఆ తర్వాత అన్నీ గరిటెలే.

"నాన్న ఫోన్ సేస్తే ఏటయినాదిరా, ఏటయినాదిరా అంటాడు. నాకేటి తెలుసు? ఆళ్ళు అడివికి ఎల్తారు. మూడ్రోజులకి వస్తారు. వడ్డిస్తాను. ఏటయినాదని అడిగితే ఒక్కడూ సెప్పడు. తింతారు, పళ్ళెం కడుగుతారు, పడుకుంతారు. మరి నానేటి సెప్పాల? టీవీల సూసింది కొంత, ఫోన్ల ఆడింది కొంత."

"చెవి పక్కనుంచి గుండు?"

"అది నిజమే. నాది కాదు. ఒకతను సెప్పాడు, తింతూ. ఆ ఒక్క ముక్కే సెప్పి, పప్పు ఇంకొంచెం వెయ్యి అన్నాడు."

ఆట ఎందుకు అంత ఇదిగా ఆడతావని అడిగాను. తాడు చేతికి చుట్టుకున్నాడు.

"ఆటల ఎటునుంచి పేలిందో తెర మీద గుర్తు పడతాది. ఎవులు ఎవుల్ని కొట్టారో పేరు పడతాది. ఇంకెంతమంది ఉన్నారో మూల రాసుంటాది. అక్కడ వంటింట్ల ఏటీ తెలీదు. దూరంగా శబ్దం వస్తాది. ఎటో తెలీదు, ఎవులికో తెలీదు. స్టవ్వు ఆపీసి వింటాను. మల్ల వెలిగిస్తాను. అంతే."

ఆ తర్వాత అసలు మాట వచ్చింది. ఆదివారం. "దీవెనా, ఈ ఒక్కసారికి ఊరుకో. పదకొండని సెప్పీసి కూకుంతాను. తర్వాత ఎప్పుడూ సెప్పను."

"ప్రభువు పేరు మీద నిలబడి చెప్తావా?"

"నిజం సెప్తే నాన్న సస్తాడు."

"చావరు. ఒక ఏడు రెండుసార్లు ఉప్పంతా కరిగిపోతేనే చావలేదు."

"నీకు తేలికే."

అవును, నాకు తేలికే. అందుకే ఈ మాట కూడా అనగలిగాను. "కూడికలో ఆ అంకె చెప్తే సోమవారం నేను బొబ్బిలి వెళ్ళిపోతాను. తిరిగి రాను. చంపినవాడికి భయపడి ఈ మూడు వారాలూ అరుగు మీద పడుకున్నాను. చంపకుండా చంపానని దేవుడి ముందు చెప్పేవాడితో లోపల పడుకోలేను."

మిగిలిన ఆకులు కప్పి ఇంటికి వచ్చేశాం.

ఇంతమాట అనగలనని నాకు తెలీదు. నిజంగా వెళ్తానా? వెళ్తాననే అనుకుంటున్నాను.

ఇంటికి రాగానే చాప మీద వాలి, సాయంత్రం ఐదింటిదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

26 మే

బెన్హర్ ఆట ఆడలేదు. షామియానా వేశారు.

27 మే, ఆదివారం

ఎండ, గాలి. మడుల పని లేదు.

నూట పదిమంది దాకా వచ్చారు. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు కుర్చీల్లో. కూర్మమ్మ కంచె అవతల నిలబడింది. మావయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందు వరసలో కూర్చున్నారు. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరు గారు బెన్హర్‌ని పిలిచారు.

వెళ్ళి మైకు అందుకున్నాడు. నా సంచీ లోపల తలుపు వెనకే ఉంది.

"నాను పదకొండు మందిని సంపానని నాన్న మీ అందరికీ సెప్పాడు," అన్నాడు.

మావయ్య కుర్చీలో ముందుకి జరిగారు.

"నాను ఎవుల్నీ సంపలేదు. క్యాంపుల వంటోడిని. మూడేళ్ళ నుంచీ వంటే. నాన్నది తప్పు కాదు, నాను సెప్పిందే సెప్పాడు. సెవి పక్కనుంచి గుండు పోయినది వేరే అతనికి. అతనికి పప్పు నానే వేశాను. ఇంతే."

మైకు కింద పెట్టేశాడు. పదిహేను నిమిషాలకి ఒక నిమిషం కూడా పట్టలేదు.

అత్తయ్య చాప మీదనుంచి లేచింది. నేను ఏడుస్తుందనుకున్నాను.

"మూడేళ్ళురా! మూడేళ్ళు శుక్కురోరం శుక్కురోరం కడుపు మాడ్చుకున్నాను. ఉప్పు మోస్తా కళ్ళు తిరిగి పడిపోనాను. గరిటె పట్టుకున్నోడికా నాను ఉపాసాలున్నాను? ఆ ఉపాసాలన్నీ ఎవులికి పోనాయిరా, సెప్పు!"

బెన్హర్ తల దించుకున్నాడు. "అక్కడ అడివికి ఎల్లీవోల్లకి పోయుంటాయమ్మా. మా క్యాంపుల మూడేళ్ళల బోజనానికి తిరిగి రానోడు ఒక్కడే. మిగతా క్యాంపుల్ల సానామంది పోయారు."

అత్తయ్య మైకు దాకా వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఒక్కడి పేరేటి?" అంది.

చెప్పాడు. ఏదో ఉత్తరాది పేరు. అత్తయ్య దాన్ని రెండుసార్లు పలికి చూసుకుంది.

పాస్టరు గారు లేచి, "కృతజ్ఞత కృతజ్ఞతే. ఇంటికి క్షేమంగా వచ్చాడు. ప్రార్థన చేద్దాం," అన్నారు. చేశారు. ఆ పేరు కూడా చెప్పారు.

భోజనాలకి కూర్చున్నారు. రెండో వరసలో ఎవరో పెద్దాయన పప్పు నోట్లో పెట్టుకుని, "ఒరే బెన్హరూ, ఈ టెక్కలోడు అడుగంటించీసినాడు. ఈ ముక్కేదో పొద్దున్నే సెప్పుంటే నీ సేతే వండించీవోలం గదా!" అన్నాడు. పక్కవాడు నవ్వాడు, ఆ పక్కవాడు నవ్వాడు. తర్వాత మామూలుగానే తిన్నారు.

మావయ్య తినలేదు. ఇస్త్రీ చొక్కాతోనే మడుల వైపు వెళ్ళిపోయారు. చీకటి పడే ముందు వచ్చి పడుకున్నారు.

సంచీ విప్పేశాను. లోపలే పడుకుంటాను. ఉక్క ఉక్కే.

28 మే

ఎండ. ఒక మడి గట్టు కోసుకుపోయింది, మట్టి వేశాం. మావయ్య టీవీ పెట్టలేదు. బెన్హర్‌తో మాట్లాడలేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే అత్తయ్యే ఉండలేకపోయింది. "పెట్టుకోండి పోనీ, సెవులు పోతే పోనాయి," అంది. పెట్టలేదు.

29 మే

టీవీ లేదు.

30 మే

టీవీ లేదు. బెన్హర్ చేపల పులుసు వండాడు. పన్నెండు మందికి సరిపోయింది. కొలత తగ్గుతోంది.

1 జూన్, శుక్రవారం

ఎండ. రెండు మడులు, సన్నరకం ఉప్పు. అత్తయ్య ఈరోజూ ఉపవాసం ఉంది. నేను అడగలేదు.

ఒంటిగంటకి మావయ్య టీవీ పెట్టారు. ఎప్పటిలాగే ఒకడు రెండు చేతుల్తో రెండు తుపాకులు పట్టుకుని గోదాములో అందరినీ కాలుస్తున్నాడు. బెన్హర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

మావయ్య తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా అన్నారు. "ఇంతమంది పొద్దుట్నించీ కాల్చుకుంతన్నారు గదా. ఈళ్ళు తిన్నట్టు ఒక్క సినిమాల సూపించరేటిరా?"

"సూపిస్తే ఎవులు సూస్తారు నాన్నా?"

"నాను సూడనూ?" కాసేపు కాల్పులు. "నువ్వెంతమందికన్నావు?"

"నూట నలబై."

"ఒక్కడివే?"

"ముగ్గురం."

"పూటకి ఉప్పెంత పడతాది?"

"కిలో దాకా."

మావయ్య ధ్వని తగ్గించారు. "ఏ ఉప్పు?"

"ప్యాకెట్టు ఉప్పు నాన్నా. సప్లయి వస్తాది."

"ఛీ," అన్నారు మావయ్య. "నౌపడలో పుట్టి ప్యాకెట్టు ఉప్పు. పదకొండు మందిని సంపానని సెప్పింది నయం."

లోపల అత్తయ్య నవ్వింది, మూతి కప్పుకుని. బెన్హర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మావయ్య ధ్వని మళ్ళీ పెంచారు.

2 జూన్

మబ్బు. ఒక మడి. మధ్యాహ్నం ఆడాను. నలుగురిని కాల్చాను. బాగుంది.

3 జూన్, ఆదివారం

చర్చి. క్వార్టరుకి దరఖాస్తు పెడతానన్నాడు బెన్హర్. దొరికితే దసరా తర్వాత. "కాల్పులుంటాయి గదా?" అన్నాను. "ఉంటాయి, దూరంగా," అన్నాడు. ఈసారి నిజం చెప్పాడనిపించింది. ఉప్పు పని అయ్యాక చూద్దామన్నాను.

4 జూన్, సోమవారం

తెల్లవారుజామున జల్లు. మడుల్లోకి దిగలేదు. బెన్హర్ పొద్దున్న ఆరు నలభై పాసింజరుకి వెళ్ళాడు. విజయనగరంలో దిగి రాయపూర్ బండి ఎక్కాలి. స్టేషను దాకా తోడుగా మావయ్య వెళ్ళారు.